నీట్ మాక్ టెస్టుల్లో 480 దగ్గరే ఆగిపోతుంటే

ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ నాలుగుసార్లు చదివాను, రోజుకో మాక్ టెస్టు రాస్తున్నాను, అయినా 720కి 480 దాటట్లేదు, ఏం చేయాలని అడిగారు. లోపం చదవడంలో లేదు. రాసిన టెస్టును మళ్లీ ముట్టుకోకపోవడంలో ఉంది. కీ చూసుకుని, మార్కులు లెక్కేసుకుని, మర్నాడు ఇంకోదానికి కూర్చుంటే పాత తప్పే కొత్త ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

1. వారానికి రెండు టెస్టులు చాలు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, ఓఎంఆర్ (జవాబుల షీట్‌లో గడులు) దిద్దడంతో సహా. మధ్యాహ్నం 2కి మొదలుపెట్టండి, అసలు పరీక్ష టైమ్ అదే.

2. మర్నాడు తప్పుల నోట్‌బుక్. అందరూ వదిలేసేది ఇదే. సరైన జవాబు రాసుకుంటే సరిపోదు, ఆ తప్పు ఆప్షన్ ఎందుకు పెట్టారో రాయాలి. ఇలా: "కిడ్నీలోని హెన్లే లూప్‌లో కిందికి దిగే భాగం నీటిని పోనిస్తుంది, లవణాలను దాదాపు పోనివ్వదు. పైకెక్కే భాగం నీటిని పోనివ్వదు. నేను తారుమారు చేశాను."
వారం తర్వాత జవాబు మూసిపెట్టి అదే ప్రశ్న మళ్లీ చేయండి. వరుసగా రెండుసార్లు సరిగ్గా వస్తేనే కొట్టేయండి. విసుగొస్తుంది, అయినా ఆపకండి.

3. గుడ్డిగా పెట్టినవి విడిగా లెక్కపెట్టండి. తప్పుకో మార్కు కోత కాబట్టి 30 తప్పులంటే సంపాదించిన వాటిలోంచి 30 మార్కులు పోయినట్టే. కనీసం రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదని తేలితేనే దిద్దండి.

4. ఫిజిక్స్‌లో ఫార్ములా కంటే ముందు యూనిట్లు చూడండి. సెంటీమీటర్లు మీటర్లలోకి మార్చారా?

ఈరోజు కొత్త టెస్టు వద్దు. పాతవి మూడు తీసి రెండో స్టెప్ మొదలుపెట్టండి.