నీటి శాతం పెరిగిన పాత చమురు క్షేత్రంలో హారిజాంటల్ బావి

వాటర్ ఫ్లడింగ్ (చమురును బావుల వైపు నెట్టడానికి రాతిలోకి నీరు ఎక్కించడం) మొదలయ్యాక ఉత్పత్తి బావుల్లో నీరే ఎక్కువగా వస్తోందనీ, హారిజాంటల్ బావి (చమురు పొర వెంట అడ్డంగా సాగేది) తవ్వితే ఫలితం ఉంటుందా అనీ మీరు అడిగారు. ఉంటుంది గానీ, నీరు ఏ పొర గుండా వస్తోందో తెలియకుండా తవ్వితే ఖరీదైన నీటిబావే మిగులుతుంది. 1974లో కనుగొన్న సముద్రపు చమురు క్షేత్రం ముంబై హైలోని సున్నపురాయి నిక్షేపాన్నే చూడండి: అనేక పొరలుగా ఉన్న ఆ రాతిలోకి 1984 నుంచి ఎక్కిస్తున్న సముద్రపు నీరు పారగమ్యత (ద్రవాన్ని పోనిచ్చే గుణం) ఎక్కువున్న పొరల్లోంచి ముందుగా దూసుకుపోతుంది, బిగువైన పొరల్లో చమురు వెనకబడిపోతుంది. అందువల్ల ముందు ప్రొడక్షన్ లాగింగ్ (బావిలోకి పరికరం దించి ఏ లోతులో ఏ ద్రవం వస్తోందో కొలవడం) చేయించి, నీరు చొరబడే పెర్ఫొరేషన్లను (బావి గొట్టానికి చేసిన రంధ్రాలను) సిమెంటుతో మూయించండి. ఆ తర్వాతే పాత బావి ఉక్కు గొట్టమైన కేసింగ్‌ను పక్కగా కోసి, చమురు మిగిలిన పొరలోకి అడ్డంగా సాగే కొత్త దారి, అంటే సైడ్‌ట్రాక్ తీయండి. ఇంజెక్షన్ ఒత్తిడి రాయి పగిలే స్థాయిని మించకూడదు. మించితే ఆ పగులు గుండా నీరు నేరుగా కొత్త బావికే చేరవచ్చు.