కావలి నుంచి కెన్యాకు సాయం: ట్రస్ట్ కంటే ముందు చూసుకోవాల్సినవి

అన్నా, కావలిలో ట్రస్ట్ పెట్టి, ఊళ్లో చందాలు పోగేసి, మీ తమ్ముడు పనిచేసే నైరోబీలో పేద కుటుంబాలకు పంపాలని అడిగారు. మనసు మంచిది. రిజిస్ట్రేషన్‌కి మాత్రం తొందరపడకండి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ అయిపోవడం పెద్ద పని కాదు. చిక్కంతా డబ్బు దేశం దాటేటప్పుడే. ట్రస్ట్ ఆదాయాన్ని విదేశంలో ఖర్చు పెడితే, సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప పన్ను మినహాయింపు రాదు. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపే వీలు వ్యక్తులకే, ట్రస్టులకు లేదు. అందరి చందా మీ ఖాతాలో వేసుకుని మీ పేరున పంపడం అసలు వద్దు. రేపు లెక్క అడిగితే ఇరుక్కునేది మీరే.

నా మాట వింటే, అక్కడే రిజిస్టరై ఆడిట్ లెక్కలు చూపించే సంస్థను వెతకండి. మీ తమ్ముడిని స్వయంగా వెళ్లి చూడమనండి: ఎవరికి ఇస్తున్నారు, రసీదులు ఉన్నాయా, ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఏమంటున్నారు. నచ్చితే ఇక్కడి దాతలు ఎవరి బ్యాంకులో వాళ్లు పాన్ ఇచ్చి, విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఫారం ఏ2లో విదేశీ ధార్మిక సంస్థకు విరాళమని రాసి నేరుగా పంపొచ్చు. దీనికి విరాళాలపై ఇచ్చే పన్ను మినహాయింపు (80జీ) ఉండదని వాళ్లకు ముందే చెప్పేయండి.

పాత బట్టలు చెన్నై పోర్టు నుంచి కంటైనర్‌లో పంపే ఆలోచన మానుకోండి. కెన్యాలో మిటుంబా అని పాత బట్టల బజార్లే ఉన్నాయి. డబ్బే మేలు. 2007 నుంచి అక్కడ ఎం-పెసా అనే ఫోన్ ద్వారా డబ్బు పంపే సేవ ఉంది, మామూలు ఫోన్‌లోనే ఆ ఇంటి తల్లికి డబ్బు చేరుతుంది.

నెల్లూరులోనో ఒంగోలులోనో ట్రస్టుల పని చూసే ఆడిటర్‌ని కలవండి. వెళ్లేటప్పుడు ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నకలు పట్టుకెళ్లండి.