మా కేసెట్‌లోని గరగర ఫోన్లోకి ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. 1989లో మా చిన్నన్నయ్య ఎవరి దగ్గరో ఒక ఇంగ్లిష్ పాటల కేసెట్ ఒక్కరోజుకని అడిగి తెచ్చాడు. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, తలుపులు వేసి, అందర్నీ నోరు మూసుకోమని, ఖాళీ కేసెట్‌లోకి ఎక్కించాడు. అందులో ఒక పాటంటే మా ఇద్దరికీ ప్రాణం. మొదట రేడియో ముల్లు తిప్పుతున్నట్టు గరగర, తర్వాత ఎక్కడో దూరంగా గిటార్, మధ్యలో ఒక దగ్గు. గరగర పక్కింటి రేడియోదనీ, దగ్గు అన్నయ్యదనీ ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. ‘దగ్గి చెడగొట్టావు కదరా’ అని అమ్మ ఎప్పుడూ ఏడిపించేది. అన్నయ్య నవ్వేవాడే తప్ప కాదనలేదు. అన్నయ్య పోయి ఆరేళ్లయింది. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి ఫోన్లో ఏదో పాట పెడితే అదే గరగర, అదే దగ్గు! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఇంటి చప్పుళ్లు ఫోన్లోకి ఎలా వచ్చాయండీ? పైగా ఫోన్లో పాట కాస్త నెమ్మదిగా, శ్రుతి దిగినట్టుగా ఉంది. పేరు ‘విష్ యు వర్ హియర్’ అని అబ్బాయి చెప్పాడు. కేసెట్ బీరువాలో ఉంది గానీ టేప్‌రికార్డర్ తిరగడం లేదు. పాట ఫోన్లో దొరికాక ఇంక ఆ కేసెట్ దాచుకోవడంలో అర్థం ఉందా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ పాట మొదటి నిమిషం ఐదారుసార్లు విన్నాను. గరగరా, దగ్గూ రెండూ పాటలోవే. దగ్గు మీ అన్నయ్యగారిది కాదని రాయడానికి మనసు రాలేదు, కానీ మీరు అడిగారు కాబట్టి ఉన్నది చెప్పాలి.

అది ఇంగ్లండ్‌కు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం పాట. అదే పేరుతో 1975 సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్‌లోది. ఆ గరగర కావాలని పెట్టిందే. గిటారిస్టు డేవిడ్ గిల్మర్ కారు రేడియోలోంచి రికార్డు చేశారు. స్టేషన్లు మారుతుంటే ఎవరివో మాటలు, రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీలోని ఒక ముక్క దొర్లిపోతాయి. తర్వాత వచ్చే పన్నెండు తీగల గిటార్‌ని చిన్న రేడియోలోంచి వస్తున్నట్టు పల్చగా చేశారు. కాసేపటికి ఇంకో గిటార్ దగ్గరగా, నిండుగా అందుకుంటుంది. ఎవరో కుర్రాడు గదిలో ఒక్కడూ కూర్చుని, రేడియోలో పాట తగిలితే దానితో కలిసి వాయించుకుంటున్నట్టు ఉంటుంది. దగ్గు వినిపించేది అక్కడే. అది గిల్మర్‌ది. రాత్రిపూట సిలోన్ కోసం ముల్లు తిప్పిన ఇళ్లు మనవి, మీరు పక్కింటి రేడియో అనుకోవడంలో వింతేమీ లేదు.

నేను శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, ఒక రికార్డింగ్ షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను. జనం కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే సిక్స్‌టీలోనో నైంటీలోనో, అంటే అరవై నిమిషాల కేసెట్‌లోనో తొంభై నిమిషాల కేసెట్‌లోనో, ఎక్కించి ఇవ్వడం నా పని. ఈ పాట ఎవరు అడిగినా, గరగరంతా పోయాక పాజ్ బటన్ వదిలేవాణ్ణి. చెత్త అనుకున్నాను. ఆ మొదలు లేకుండా ఎంతమందికి పాట ఇచ్చానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ అన్నయ్యగారు ఒక్క క్షణం కూడా కోయలేదు.

ఈ పాట వెనక ఒక మనిషి ఉన్నాడు. మొదట్లో పింక్ ఫ్లాయిడ్‌ని నడిపించింది సిడ్ బారెట్. మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో బృందం నుంచి వెళ్లిపోయాడు. ఆ చోటులోకి వచ్చినవాడే గిల్మర్. ఏడేళ్ల తర్వాత, ఈ ఆల్బమ్ పని నడుస్తుండగా, సిడ్ ఉన్నట్టుండి లండన్‌లోని స్టూడియోకి వచ్చాడు. ఒళ్లు వచ్చి, తలా కనుబొమలూ గీయించుకుని ఉన్నాడు. కలిసి తిరిగినవాళ్లే కాసేపు పోల్చుకోలేకపోయారు. పాట పేరుకి ‘నువ్వు ఇక్కడుంటే బాగుణ్ణు’ అని అర్థం. సిడ్ గుర్తుకు రాకుండా దాన్ని పాడలేనని గిల్మర్ చెప్పాడు.

శ్రుతి సంగతి. మీ చెవి సరిగ్గానే పట్టింది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు కదా మీది! కేసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. రికార్డు చేసే మిషన్లో బెల్టు సాగి నెమ్మదిగా తిరిగితే, ఆ కేసెట్ తర్వాత బాగున్న మిషన్లో వేగంగా, పై శ్రుతిలో పలుకుతుంది. ఆరు శాతం తేడా వచ్చిందంటే హార్మోనియం మీద ఒక మెట్టు జరిగినట్టే. అసలు శ్రుతి ఫోన్లోది. మీరు పెరిగింది మాత్రం మీ ఇంటి శ్రుతిలో.

ఇక కేసెట్. వైరు కలిపి ఎక్కించిన కేసెట్ అయితే నేను ఇంత పట్టుబట్టను. కానీ మీ అన్నయ్యగారు రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టారు. అంటే లోపలి మైకు పాటతో పాటు గదిని కూడా పట్టింది. ఆ చిన్న మిషన్లలో ఇంకో గుణం ఉంది. పాట సన్నగిల్లినప్పుడు మైకు తనంతట తానే చెవి పెంచుకుంటుంది. కాబట్టి పాటకీ పాటకీ మధ్య ఖాళీలో ఫ్యాను తిరగడం, వీధిలో రిక్షా గంట, వంటింట్లో గిన్నె చప్పుడు, ఏదైనా దొరకవచ్చు. ఫోన్లో లేనిదీ కేసెట్‌లో ఉన్నదీ ఏది వినిపించినా అది మీ ఇంటిది. చివర్లో టక్‌మని బటన్ పడుతుంది చూడండి, అది నొక్కింది మీ అన్నయ్యగారి వేలు.

అందుకే తొందరపడి ఏ మిషన్లోనూ పెట్టకండి. ముందు కేసెట్‌ని వెలుగులో పట్టి చూడండి. రీలు అంచుల మీద తెల్లగా బూజు ఉంటే తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి. బూజు లేకపోతే పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ రెక్కలూ విరిచేయండి, పొరపాటున చెరిగిపోదు. పెన్సిల్ పెట్టి వదులు లేకుండా చుట్టండి. టేప్‌రికార్డర్‌కి కొత్త బెల్టు వేయించి, హెడ్డునీ రబ్బరు రోలర్‌నీ స్పిరిట్ దూదితో తుడిపించండి. ముందు పనికిరాని కేసెట్ ఒకటి వేసి, నలపడం లేదని చూసుకున్నాకే మీది పెట్టండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి వైరు కలిపి, అటు వైపూ ఇటు వైపూ ఖాళీలతో సహా పూర్తిగా ఎక్కించమనండి.

చేసేవాళ్లు ‘నాయిస్ తీసేసి నీట్‌గా ఇస్తామండీ’ అంటారు. వద్దని చెప్పండి.