శ్రీజేష్ మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

భారత హాకీ గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేష్ మీద నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ఆటకు వీడ్కోలు పలికిన మన హాకీ ఆటగాళ్ల మీద వరుసగా రాయాలనుకుంటున్నానని, ఇది మొదటిదని అన్నావు. "మాస్టారూ, మొహమాటపడకుండా చెప్పండి" అని చివర్లో అడిగావు కాబట్టి సూటిగానే చెబుతాను. మొదటి మూడు పేరాలు కొట్టేయి.

ఆ పేరాల్లో ఉన్నదంతా నిజమే. 336 అంతర్జాతీయ మ్యాచ్‌లు, నాలుగు ఒలింపిక్స్, వరుసగా రెండు కాంస్యాలు, ఖేల్‌రత్న, పద్మభూషణ్. కానీ అవి తెలుసుకోవాలనుకునేవాడికి నీతో పనిలేదు. ఇక "చెక్కుచెదరని గోడ" అన్న మాట వ్యాసమంతా పరచుకుని ఉంది. శ్రీజేష్‌ను గోడ అనని విలేకరి ఈ దేశంలో లేడు. పైగా గోడ కదలదు, మాట్లాడదు. ఆయనేమో ఆట జరిగినంతసేపూ గోల్ ముందు నిలబడి డిఫెండర్ల మీద కేకలు వేస్తూనే ఉంటాడు. ఎవరు ఎటు జరగాలో, ఎవరిని వదిలేశారో వెనక నుంచి చెప్పే గొంతు అది. ఆ గొంతు ఊసు నీ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు.

నువ్వు ఎంచుకున్న మ్యాచ్ సంగతికి వస్తాను. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 8న స్పెయిన్ మీద 2-1తో గెలిచి కాంస్యం అందుకున్న మ్యాచ్ చుట్టూ అల్లావు. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ రెండు గోల్స్, చివరి నిమిషంలో స్పెయిన్ పెనాల్టీ కార్నర్, ఆ తర్వాత కెప్టెన్ భుజాల మీద శ్రీజేష్, టోక్యోలో లాగే మళ్లీ గోల్‌పోస్టు ఎక్కి కూర్చోవడం. ఫొటోలు అక్కడ ఉన్నాయి కనుక అందరి రాతలూ అక్కడికే వెళ్లాయి. నేనైతే నాలుగు రోజులు వెనక్కి వెళ్తాను. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్.

పదిహేడో నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. ఇంకా నలభై మూడు నిమిషాల ఆట ఉంది, మనవాళ్లు పది మందే. ఇంతవరకు నువ్వూ రాశావు. రోహిదాస్ లేకపోతే ఏం పోయిందో మాత్రం రాయలేదు. పెనాల్టీ కార్నర్‌లో గోల్‌కు పక్కగా, మైదానం చివరి గీత నుంచి ఒకరు బంతిని తోస్తారు. గోల్ ముందు గీసిన సర్కిల్ బయట ఒకరు దాన్ని ఆపుతారు. మరొకరు స్టిక్కుతో ఈడ్చి గోల్‌లోకి విసురుతారు. కాపాడుకునే వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు. వారిలో ఒకడు అందరికంటే ముందు గోల్ లైను మీద నుంచి ఉరికి, విసరబోయేవాడికి ఎదురుగా వెళ్లి, కోణం మూసేయాలి. బంతి మోకాలికి తగిలినా, మొహం మాస్కుకు తగిలినా ఆగకూడదు. మన జట్టులో ఎన్నో ఏళ్లుగా ఆ పని రోహిదాస్‌ది. అతను వెళ్లిపోయాక ప్రతి కార్నర్‌కూ శ్రీజేష్ ముందున్న లెక్క మారిపోయింది. హర్మన్‌ప్రీత్ 22వ నిమిషంలో గోల్ కొట్టాడు, 27వ నిమిషంలో లీ మోర్టన్ సమం చేశాడు. ఆ తర్వాత అరవయ్యో నిమిషం దాకా స్కోరు 1-1 దగ్గరే నిలబడిందంటే ఎలా నిలబడిందో చూపించాలి కదా! షూటౌట్‌లో 4-2తో గెలిచాం. షూటౌట్‌లో ఇరవై మూడు మీటర్ల గీత దగ్గర నుంచి ఒకడు బంతితో వస్తాడు, అతనికి ఎనిమిది సెకన్ల సమయం ఉంటుంది, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. ఆ ఎనిమిది సెకన్లలో శ్రీజేష్ ఎప్పుడు ముందుకొస్తాడు, ఎప్పుడు ఆగుతాడు, ఎప్పుడు నేల మీద పరుచుకుంటాడు? వీడియో ఆపి ఆపి చూడు. ఒక్క ప్రయత్నం చాలు, ఒక పేజీ రాయవచ్చు. విశేషణం ఒక్కటి కూడా అవసరం రాదు.

ఇప్పుడు నిన్ను కాస్త నొప్పించే మాట. "చిన్నప్పటి నుంచీ హాకీయే మా ఇంటి ఊపిరి" అని రాశావు. నిజమా? నిజమైతే సంతోషం. కానీ రెండు పేరాల కింద నువ్వే టోక్యో దగ్గర మొదలుపెట్టావు. 2021 ఆగస్టు 5 ఉదయం ఏడు గంటలకు మీ ఇంట్లో టీవీ ముందు ఎవరెవరు కూర్చున్నారో, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో జర్మనీ 3-1తో ముందున్నప్పుడు ఎవరు లేచి వెళ్లిపోయారో, మనం 5-3కు చేరాక వాళ్లను ఎలా పిలిచారో రాశావు. వ్యాసంలో బాగున్న భాగం అదే. అది నీది. తెలుగువాళ్లలో చాలామందిమి హాకీకి నాలుగేళ్లకోసారి వచ్చే చుట్టాలం. పెళ్లికి వచ్చిన చుట్టం ఇంటివాడిలా పెత్తనం చేస్తే చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఒలింపిక్స్‌కు మాత్రమే చూశానని ఒప్పుకుని రాసిన అభిమానిని పాఠకుడు నమ్ముతాడు. మధ్యలో శ్రీజేష్ ఏం చేశాడో నాకు తెలియదు, ఇప్పుడు వెతికి తెలుసుకున్నాను అని రాసినా నమ్ముతాడు.

అలా వెతికి ఉంటే లండన్ దొరికేది. నీ వ్యాసంలో 2014 ఇంచియాన్ ఉంది, ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ మీద షూటౌట్ ఉంది, 2016లో కెప్టెన్‌గా రియో ఉంది. 2012 లేదు. లండన్‌లో భారత్ ఆడిన ప్రతి మ్యాచ్ ఓడి, పన్నెండు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో శ్రీజేష్ ఉన్నాడు. అంతకుముందు 2008 బీజింగ్‌కు మన జట్టు అర్హతే సాధించలేదు. ఆయన సీనియర్ జట్టులోకి వచ్చింది 2006లో. అంటే వచ్చిన రెండేళ్లకు దేశం ఒలింపిక్స్‌లో లేదు, మరో నాలుగేళ్లకు ఆఖరి స్థానం. ఆ మొదటి ఏళ్లలో ఆయన గోల్‌కీపర్లు ఏడ్రియన్ డిసౌజా, భరత్ ఛెత్రీల వెనక వంతు కోసం ఎదురు చూశాడు. ఇది వదిలేసి పతకాల దగ్గర మొదలుపెడితే, 41 ఏళ్ల తర్వాత టోక్యోలో పతకం వచ్చిందన్న వాక్యానికి బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆవు సంగతి. కేరళలోని కిళక్కంబలంలో రైతు అయిన తండ్రి గోల్‌కీపర్ ప్యాడ్ల కోసం ఆవును అమ్మాడన్న ఉదంతం. దాన్ని ఒకటిన్నర పేరా సాగదీశావు, ఆవు కళ్లలో నీళ్లు కూడా పెట్టించావు. తల్లీ, అంత అవసరం లేదు. గోల్‌కీపర్ కిట్ మిగతా ఆటగాళ్ల స్టిక్కూ బూట్ల లాంటిది కాదు. హెల్మెట్, ఛాతీ కవచం, చేతులకు, కాళ్లకు, పాదాలకు వేరువేరుగా. ఒక మామూలు రైతు ఇంటికి అది ఎంత ఖర్చో చెప్పు. పాల ఆవు పోతే ఆ ఇంటికి ఏం పోతుందో చిత్తూరు జిల్లా పాఠకుడికి నువ్వు విడమరచి చెప్పాలా? ఒక్క వాక్యం చాలు.

"ఒక శకం ముగిసింది", "హాకీ అనాథ అయింది" అన్నవి కూడా తీసేయి. మనిషి బతికే ఉన్నాడు. జూనియర్ జట్టు కోచ్ అయ్యాడు, 2024 డిసెంబరులోనే మస్కట్‌లో కుర్రాళ్లు ఫైనల్లో పాకిస్తాన్‌ను 5-3తో ఓడించి జూనియర్ ఆసియా కప్ గెలిచారు. రిటైర్మెంట్ రాతల్లో సగం సంతాప సందేశాల్లా ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అభిమాని దుఃఖం అబద్ధమని అనను. నువ్వు కన్నీళ్లు పెట్టుకున్నావన్నావు, పెట్టుకునే ఉంటావు. అందులో కొంత శ్రీజేష్ కోసం, కొంత నువ్వు డిగ్రీ చదువుకుంటున్న ఆ టోక్యో ఉదయం కోసం. మనకు ఇష్టమైన ఆటగాడు తప్పుకున్న రోజున మన వయసు కూడా లెక్కకు వస్తుంది. ఆ రెండో భాగాన్ని దాచకు, అలాగని దాన్నంతా ఆయన నెత్తిన పెట్టకు.

హాకీ ఇండియా 16వ నంబరు జెర్సీని పక్కన పెట్టిందని రాశావు. పక్కన పెట్టింది సీనియర్ జట్టుకే. జూనియర్లలో ఆ నంబరు ఉంటుంది, మరో శ్రీజేష్‌ను శ్రీజేషే తయారు చేయాలని వాళ్ల ఉద్దేశం. దీన్ని చేర్చు. అలాగే కృషన్ పాఠక్ గురించి రెండు వాక్యాలైనా ఉండాలి. ఎన్నో ఏళ్లు శ్రీజేష్ వెనక రెండో గోల్‌కీపర్, పారిస్‌కు రిజర్వుగా వెళ్లాడు. నీ వ్యాసం ఖాళీ అయిన గోల్ దగ్గర ఆగిపోయింది. అక్కడ నిలబడవలసిన మనిషి ఒకడున్నాడు కదా.

ఇంతవరకు ఈ ఒక్క వ్యాసం గురించి. నువ్వు అనుకుంటున్న వరుస గురించి నాకు ఇంకా ఎక్కువ చెప్పాలని ఉంది. నీ జాబితా చూశాను. అన్నీ పెద్ద వీడ్కోళ్లే. శ్రీజేష్‌కు దొరికినట్టు పతకం గెలిచిన మైదానంలో సెలవు తీసుకోవడం నూటికి ఒకరికి కూడా దొరకదు. అభిమానులు ఎక్కువగా చూసేది వేరేది: ఒక పేరు జట్టులో కనిపించదు, తర్వాతి జట్టులోనూ కనిపించదు, ఎప్పుడో ఒక రోజు చిన్న ప్రకటన వస్తుంది.

రూపిందర్ పాల్ సింగ్‌ను చూడు. టోక్యోలో జర్మనీ మీద స్కోరు 3-3 ఉన్నప్పుడు పెనాల్టీ స్ట్రోక్‌తో నాలుగో గోల్ కొట్టి జట్టును ముందు నిలిపింది అతనే. రెండు నెలలు తిరగకుండానే, సెప్టెంబరు 30న రిటైర్మెంట్ ప్రకటించాడు. అదే రోజు బీరేంద్ర లాక్రా కూడా. మరుసటి రోజు ఎస్.వి. సునీల్. కొడగు నుంచి వచ్చిన ఫార్వర్డ్, లండన్‌లో ఆ ఆఖరి స్థానాన్ని చూసినవాడు, రియో ఆడినవాడు, పతకం వచ్చిన టోక్యో జట్టులో మాత్రం లేనివాడు. పద్నాలుగేళ్లు ఆడి, కోరుకున్నది సరిగ్గా తను లేనప్పుడు వచ్చింది. సునీల్ అభిమాని ఆ ఆగస్టు 5 ఉదయం ఏ మనసుతో టీవీ చూసి ఉంటాడు? ఈ వరుసలో నేను చదవాలనుకునే వ్యాసం అది. రాయడం కష్టం. అందుకే నీకు చెబుతున్నాను.

రాణీ రాంపాల్ నీ జాబితాలో ఉంది, కానీ "హాకీ రాణి" అన్న శీర్షికతో. షాహాబాద్‌లో బండి లాగిన తండ్రి, పద్నాలుగేళ్లకు జాతీయ జట్టు, పదిహేనేళ్లకు ప్రపంచ కప్ అని మొదలుపెడతావు, నాకు తెలుసు. నేను చెప్పేచోట మొదలుపెట్టు: భువనేశ్వర్, 2019 నవంబరు 2. ఒలింపిక్ అర్హత పోరు. ముందు రోజు అమెరికాను 5-1తో ఓడించాం, ఇక టోక్యో మనదే అనుకున్నారు. రెండో రోజు విరామ సమయానికి అమెరికా 4-0. రెండు మ్యాచ్‌లు కలిపితే 5-5. నలభై ఎనిమిదో నిమిషంలో రాణి ఒక గోల్ కొట్టింది. 6-5. ఆ గోల్ లేకపోతే మహిళల జట్టుకు టోక్యోలో నాలుగో స్థానం ఉండేది కాదు, దేశమంతా ఆ అమ్మాయిల పేర్లు నేర్చుకున్న వారం ఉండేది కాదు. తర్వాత గాయాలు. 2022 ప్రపంచ కప్ జట్టులో లేదు. 2023 జనవరిలో దక్షిణాఫ్రికా వెళ్లి వచ్చింది, ఆ తర్వాత పిలుపు లేదు. 2024 అక్టోబరులో ఢిల్లీలో వేరేవాళ్ల మ్యాచ్ సందర్భంగా వీడ్కోలు జరిగింది, ఆమె 28వ నంబరు జెర్సీకి గౌరవం దక్కింది. ఆ చివరి పర్యటనకూ ఈ వీడ్కోలుకూ మధ్య దాదాపు రెండేళ్లు ఉన్నాయి. అభిమానులు అడిగీ అడగని ప్రశ్నలన్నీ ఆ రెండేళ్లలోనే ఉన్నాయి. నీ వ్యాసం అక్కడ ఎక్కువసేపు ఉండాలి.

వందనా కటారియా నీ జాబితాలో అసలు లేదు. 320 మ్యాచ్‌లు, తప్పుకునే నాటికి భారత మహిళల హాకీలో అందరికంటే ఎక్కువ. 2025 ఏప్రిల్ 1న తప్పుకుంది. టోక్యోకు కొద్ది నెలల ముందు తండ్రి చనిపోతే శిక్షణ శిబిరం నుంచి ఇంటికి వెళ్లలేకపోయింది. ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది, భారత మహిళ ఎవరూ అంతకుముందు చేయని పని. నాలుగు రోజులకు సెమీఫైనల్లో ఓడిపోయాం. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, ఆ కుటుంబాన్ని కులం పేరుతో దూషించారు. పోలీసు కేసు అయింది. ఇది రాయకుండా వందన గురించి రాయవద్దు. "చేదు జ్ఞాపకాలు వద్దు, వీడ్కోలు కదా" అని నీకు అనిపించవచ్చు. అభిమానులమని చెప్పుకునేవాళ్లం ఆ రోజు ఎక్కడున్నాం అన్నది కూడా వీడ్కోలులో భాగమే.

మనవాళ్ల గురించి కూడా ఆలోచించు. బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ హైదరాబాదీ. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి, చాలా ఏళ్లు భారత మహిళల జట్టులో సవితా పూనియా వెనక రెండో గోల్‌కీపర్‌గా నిలబడిన రజని ఉంది. తెలుగువారు కాబట్టి గొప్పవారని రాయకు. ముకేశ్ ఆటను మైదానంలో కూర్చుని చూసినవాళ్లు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు. వెళ్లి కలువు. వాళ్లు చెప్పేదాంట్లో స్కోర్లు తప్పుంటే సరిచూసుకో, మిగతాది మాత్రం వాళ్ల మాటల్లోనే ఉంచు.

శ్రీజేష్ వ్యాసం తిరగరాసి పంపు. ఎనిమిది వందల పదాలు దాటవద్దు. టోక్యో ఉదయం ఉండనీ, బ్రిటన్ మ్యాచ్ రావాలి, లండన్ రావాలి. రోహిదాస్‌ను రెండు చోట్ల రోహిత్ దాస్ అని రాశావు, అది కూడా చూసుకో.

ఇట్లు,
నీ మాస్టారు