సమాధానం: పావుగంటకే రికార్డింగ్ ఆగిపోవడం, వేలా పల్స్ కనబడకపోవడం

మీరు అడిగినవి రెండు: వేలా పల్సార్ (గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో పల్స్‌లు పంపే నక్షత్రం) కోసం గుంటూరు డాబా మీద 435 మెగాహెర్ట్జ్‌లో పెట్టిన రికార్డింగ్ పావుగంటకు ఆగిపోతోంది, ముక్కలు అతికించి ఫోల్డ్ చేస్తే (పీరియడ్ ప్రకారం కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి కూడితే) పల్స్ రావడం లేదు.

మొదటిది తేలికే. ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే చిన్న రేడియో రిసీవర్) తీసేది సెకనుకు 24 లక్షల శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు, అంటే సెకనుకు 4.8 ఎంబీ. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. అది 14 నిమిషాల 54 సెకన్లకు నిండుతుంది. డిస్కును ఈఎక్స్‌టీ4 (పెద్ద ఫైళ్లు పట్టే లినక్స్ పద్ధతి)గా ఫార్మాట్ చేయండి. గంట ఫైలు సరిగ్గా 17.28 వందకోట్ల బైట్లుండాలి. తగ్గిందంటే శాంపిళ్లు జారిపోయినట్టే. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టండి.

పల్స్ సంగతి వేరు. ముక్కల మధ్య ఖాళీ ఎంతో తెలియకుండా అతికిస్తే ఫేజ్ (పల్స్‌ల వరస) తప్పిపోతుంది. వేలా పీరియడ్ (రెండు పల్స్‌ల మధ్య సమయం) సుమారు 89 మిల్లీసెకన్లే మరి! పైగా మామూలు డాంగిల్‌లో సమయం కొలిచే క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తప్పితే గంటలో 72 మిల్లీసెకన్ల తేడా, పల్స్ మొత్తం అలికేసినట్టు అవుతుంది. 1 పీపీఎం టీసీఎక్స్‌ఓ (వేడికి మారకుండా సరిచేసే క్రిస్టల్) ఉన్నది కొనండి, ఈ ఖర్చు దగ్గర పొదుపు వద్దు. కేటలాగు పీరియడ్ నేరుగా వాడకండి. భూమి వేగం వల్ల పదివేలలో ఒక వంతు దాకా మారుతుంది, టెంపో అనే పల్సార్ సాఫ్ట్‌వేర్‌తో ఆ రోజు పీరియడ్ లెక్కించండి.

డిస్పర్షన్ (అంతరిక్షంలోని ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీలు ఆలస్యంగా చేరడం; వేలాకు దాని కొలత, డీఎం, 68) పల్స్‌ను 2.4 మెగాహెర్ట్జ్ మీద 16 మిల్లీసెకన్లు సాగదీస్తుంది. 16 ఛానెళ్లుగా విడగొట్టి సరిచేస్తే ఒక్కో దానిలో మిల్లీసెకను మిగులుతుంది.

అన్నట్టు, గుంటూరు నుంచి వేలా దక్షిణ దిక్కున 29 డిగ్రీల ఎత్తు దాటదు. దక్షిణాన అపార్ట్‌మెంట్ ఉంటే ముందు యాంటెన్నా చోటు మార్చండి.