ఆర్‌పీఐ ర్యాంకు చూసి కాలేజీ ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో గ్రేడ్, బేస్‌బాల్ పిచ్చర్ (బంతి విసిరేవాడు). రెండు కాలేజీల కోచ్‌లు మాట్లాడుతున్నారు. ఒక జట్టు ఆర్‌పీఐ (కాలేజీ జట్ల బలాన్ని లెక్కగట్టే సూచీ) ర్యాంకు 20 లోపు, ఇంకోదానిది 140 పైన. వాడికేమో రెండోదే నచ్చింది. తక్కువ ర్యాంకు చోట చేరితే భవిష్యత్తు దెబ్బతింటుందని మాకు టెన్షన్. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: మీరు ఆర్‌పీఐని ఎంసెట్ ర్యాంకులా చూస్తున్నారు. ఎంసెట్ ర్యాంకు పరీక్ష రాసినవాడిది. ఆర్‌పీఐలో జట్టు సొంత గెలుపోటముల వాటా 25 శాతమే. ప్రత్యర్థులు ఎన్ని గెలిచారన్నదానికి 50, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకు మిగతా 25. ఎన్ని పరుగుల తేడాతో గెలిచారో కంప్యూటర్‌కు అనవసరం. అందుకే బలహీనమైన జట్టును చిత్తుగా ఓడించినా ర్యాంకు పడిపోవచ్చు, గట్టి జట్టు చేతిలో ఓడినా పెరగొచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఫిబ్రవరిలో సీజన్ మొదలయ్యేసరికి ఉత్తరాది మైదానాల్లో మంచు ఉంటుంది. ఆ జట్లు వారాల తరబడి దక్షిణాదికి వెళ్ళి ఆడాలి. అందుకని 2013లో సొంత మైదానంలో గెలుపును 0.7గా, బయట గెలుపును 1.3గా లెక్కించడం మొదలుపెట్టారు. ఓటమికి దీనికి తలకిందులు. ఇంట్లో మూడు మ్యాచ్‌లాడి రెండు గెలిస్తే లెక్కలో దాదాపు 52 శాతం, అదే బయట గెలిస్తే 79 శాతం పడుతుంది. పురుషుల బాస్కెట్‌బాల్ వాళ్ళు 2018లో ఆర్‌పీఐని వదిలేశారు, బేస్‌బాల్ వాళ్ళు అప్పుడు వదల్లేదు.

ఈ అంకె జట్టుకు ముఖ్యం కాదని అనను. పోస్ట్‌సీజన్‌కు, అంటే జాతీయ టైటిల్ పోటీలకు, 64 జట్లు వెళ్తాయి. కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) విజేతలు నేరుగా వెళ్తారు, మిగతావాళ్ళను కమిటీ ఎంచుతుంది. 16 రీజినల్స్ (నాలుగేసి జట్ల మొదటి రౌండ్ పోటీలు) ఎవరి మైదానాల్లో జరగాలో కూడా కమిటీదే నిర్ణయం. ఆ గదిలో ఆర్‌పీఐకి బరువుంది. అయినా 2022లో చిట్టచివర చోటు దక్కిన జట్లలో ఒకటైన ఓల్ మిస్, ఫైనల్స్ జరిగే ఒమాహాలో కప్పు కొట్టింది. 2008లో ఫ్రెస్నో స్టేట్ తన రీజినల్‌లో నాలుగో సీడ్, అంటే అందరికన్నా కింద. అదే చివరికి ఛాంపియన్.

మీ అబ్బాయి సంగతికొస్తే, 20 లోపు జట్టులో వాడికి బంతి ఎప్పుడు దొరుకుతుంది? అక్కడికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) నుంచి ఇరవై రెండేళ్ళ వయసున్న, అనుభవమున్న పిచ్చర్లు వస్తుంటారు. 2025-26 నుంచి, ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వడానికి వీలిచ్చే కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టుకు 34 మందే. కిందటేడు మొదటి సంవత్సరం పిచ్చర్లు ఎన్ని ఇన్నింగ్స్ వేశారు, వాళ్ళలో ఎంతమంది మిగిలారు అని ఇద్దరు కోచ్‌లనూ అడగండి. ఆర్‌పీఐ మీకు ఆ సంగతి చెప్పదు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను. ట్రావెల్ టీములు, షోకేసులు (కోచ్‌ల ముందు ఆడి చూపించే ఈవెంట్లు), ప్రైవేటు కోచింగ్, రిక్రూటింగ్ సర్వీసులు... ఈ మధ్య మనవాళ్ళలో ఇది జోరుగా ఉంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసిన మన ఊరి అలవాటే ఇక్కడ గ్లవ్ తొడుక్కుందని నా అనుమానం. మీ పూర్తి ఉత్తరంలో వాడి బంతి వేగం మూడు చోట్ల రాశారు, ఏం చదవాలనుకుంటున్నాడో ఒక్కచోటా రాయలేదు. హెచ్-1బీ మీద ఉన్నామన్నారు. అంటే వాడు మీ మీద డిపెండెంట్ వీసాలో ఉంటే, 21 నిండేలోపు ఎఫ్-1 లాంటి వేరే వీసాకు మారాలి. ఎఫ్-1 మీద ఎన్‌ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చేది) తీసుకోవడం చిక్కుల వ్యవహారం. ర్యాంకు కన్నా ముందు దీని గురించి లాయర్‌తో మాట్లాడండి సార్.

140 దాటిన కాలేజీ కూడా డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో అన్నిటికన్నా పై స్థాయి) కాలేజీయే. అక్కడ మొదటి ఏడాదే బంతి పట్టుకునే అవకాశం ఎక్కువ. బాగా వేస్తే మూడో ఏడాది తర్వాత ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ఎక్కడున్నా అర్హుడే. వాడికి నచ్చిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది, భయపడకండి. ఆ కారణమేంటో ఈసారి వాణ్ణే రాయమనండి. ఇంగ్లీషులో రాసినా పర్లేదు.