సిగార్ పాతబడితే ఘాటు తగ్గుతుంది, ప్రమాదం తగ్గదు

ప్రశ్న: మాది తిరుపతి. నా వయసు 47. బట్టల వ్యాపారం చేస్తాను. ఐదేళ్లుగా క్యూబా సిగార్లు సేకరించడం నా హాబీ. దుబాయ్‌లో ఉండే మా బావమరిది వచ్చినప్పుడల్లా 25 సిగార్ల పెట్టె ఒకటి తెస్తాడు. వాటిని వెంటనే కాల్చను. సీడర్ చెక్కతో చేసిన హ్యూమిడార్‌లో (సిగార్లకు తగిన తేమ నిలిపి ఉంచే పెట్టె) రెండు మూడేళ్లు దాచి, ఘాటు తగ్గాకే తీస్తాను. వారానికి రెండు మించవు. పొగ లోపలికి పీల్చను, నోట్లో ఆడించి వదిలేస్తాను. ఆదివారాలు చంద్రగిరి దగ్గర మా తోటలో స్నేహితులతో కూర్చుంటే రెండు పెగ్గులు కూడా ఉంటాయి. బీపీకి మాత్రలు వేసుకుంటున్నాను. అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కినా ఆయాసం రాదు. రెండు నెలలుగా ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపిస్తోంది. నొప్పి లేదు. బాగా పాతబడిన సిగార్ల వల్ల హాని తక్కువని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు

సలహా: మీరు చివర్లో రాసిన తెల్ల మచ్చ గురించే ముందు మాట్లాడతాను. నోట్లో మచ్చ గానీ, పుండు గానీ రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. మీకు రెండు నెలలైంది. నొప్పి లేదన్న ధైర్యంతో మీరు ఆగిపోయినట్టున్నారు. పొగాకు అలవాటున్న వాళ్ల నోట్లో వచ్చే తెల్ల మచ్చను ల్యూకోప్లేకియా అంటాం. అది సాధారణంగా నొప్పి పెట్టదు, గుడ్డతో తుడిచినా పోదు. ఇలాంటి మచ్చలన్నీ క్యాన్సర్‌గా మారవు, కానీ కొన్ని మారతాయి. ఏది మారుతుందో చూపుతో చెప్పలేం. అందుకే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాం. మత్తు సూది ఆ చోట మాత్రమే ఇస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈ వారంలోనే డెంటల్ డాక్టర్‌కో, ఈఎన్‌టీ డాక్టర్‌కో చూపించండి. తిరుపతిలో స్విమ్స్, రుయా రెండూ మీకు దగ్గరే.

ఒక సంగతి గమనించండి. సిగార్ మీరు ఎప్పుడూ నోటికి ఏ పక్కన పెట్టుకుంటారు? అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చ్ వేసుకుని చూడండి. మచ్చ ఉన్న పక్కే అయితే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. అంగిలి కూడా చూసుకోండి. సిగార్, పైపు తాగేవాళ్లలో అంగిలి తెల్లబారి, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు రావడం మామూలే.

ఇక పొగ పీల్చను కదా అన్న మాట. సిగార్ తాగేవాళ్లలో ఎక్కువ మందిని నమ్మించి మోసం చేసేది ఇదే. సిగరెట్ పొగకు ఆమ్ల గుణం ఎక్కువ, అందుకే అందులోని నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల దాకా పోవాలి. సిగార్ పొగ క్షార గుణంతో ఉంటుంది కాబట్టి నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి చేరిపోతుంది. పొగ మింగకపోయినా పొగాకులోని విషాలు మీ పెదవులకు, నాలుకకు, బుగ్గలకు గంటసేపు తగులుతూనే ఉంటాయి. ఒక సిగరెట్‌లో పొగాకు ఒక గ్రాము కూడా ఉండదు. పెద్ద సిగార్‌లో 5 గ్రాముల నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది. వారానికి రెండే అన్న లెక్క వేసేటప్పుడు ఇది కూడా కలపండి. కొండెక్కినా ఆయాసం రావడం లేదంటే సంతోషమే, కానీ ఆ 3,550 మెట్లు మీ నోటి సంగతి చెప్పలేవు.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. దాచిన సిగార్ ఘాటు తగ్గుతుందన్నది నిజమే. కొత్త సిగార్‌లో పొగాకు పులియబెట్టినప్పుడు పుట్టిన అమ్మోనియా వాసన ఇంకా మిగిలి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అది పోయి, రుచి కుదురుకుంటుంది. కానీ క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు కూడా ఆకును ఆరబెట్టి, పులియబెట్టే దశల్లోనే పుడతాయి. అవి అమ్మోనియాలాగా గాలిలో కలిసిపోయే రకం కాదు. కొత్తావకాయ ఘాటు నెల తిరిగేసరికి తగ్గుతుంది, అందులో వేసిన ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. పైగా తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టేది నిప్పు పెట్టాకే. మూడేళ్లు దాచిన సిగార్‌కి నిప్పు పెట్టినా అదే పొగ వస్తుంది. ఘాటు తగ్గినందువల్ల జరిగేదేమిటంటే, గొంతు మంటపుట్టి ఇక చాలు అని చెప్పే అవకాశం పోతుంది, మీరు చివరి దాకా కాల్చేస్తారు.

పెట్టె మీద ఆకుపచ్చ వారంటీ సీలు, అడుగున తయారైన నెల, ఏడాది తెలిపే ముద్ర చూసి అసలుదో నకిలీదో తేల్చుకోవడం మీలాంటి హాబీదారులకు అలవాటే. ఆ పరీక్ష మీ డబ్బును కాపాడుతుంది. క్యూబాలోని పినార్ దెల్ రియోలో పండిన అసలైన ఆకు కూడా పొగాకే. మన ఊళ్లలో పెద్దలు కాల్చే చుట్టకూ దానికీ ధరలోనే కొండంత తేడా, నోటికి చేసే కీడులో కాదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ రావడం మన వైద్య కళాశాలల్లో ఎన్నో దశాబ్దాలుగా తెలిసిన విషయం.

హ్యూమిడార్ గురించి రెండు మాటలు. తేమ 65–70 శాతం మధ్య పెట్టినా మే నెల ఎండకు గది వేడెక్కితే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి, ఆకు మీద సూది గుచ్చినంత రంధ్రాలు పడతాయి. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. కొందరు ఆ తెల్లటి పొడిని మంచి గుర్తు అనుకుంటారు. చాలావరకు అది బూజే, దాన్ని కాల్చి పీల్చడం ఇంకో అనారోగ్యం. పురుగు చావాలని సిగార్లను ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టకండి, పిల్లల చేతికి అందుతాయి. పసిపిల్లలు సిగార్ ముక్క నమిలినా నికోటిన్ విషం ఎక్కుతుంది, వాళ్లకు అది ప్రాణాపాయం.

నాకు మచ్చ తర్వాత ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ రెండు పెగ్గులు. పొగాకు, మద్యం కలిస్తే నోటికీ, గొంతుకూ, అన్నవాహికకూ క్యాన్సర్ ముప్పు విడివిడిగా ఉండే దానికంటే చాలా ఎక్కువవుతుంది. బీపీ ఉన్నవాళ్లకు పొగలోని నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ గుండె మీద భారం పెంచుతాయి. తోటలో పక్కన కూర్చున్న వాళ్లూ ఆ పొగ పీలుస్తున్నారు.

నా మాట స్పష్టంగా చెబుతాను. ఈ రోజు నుంచే సిగార్ ఆపండి. పొగ మానేస్తే కొందరిలో మచ్చ తనంతట తానే తగ్గడం చూస్తుంటాం, అయినా పరీక్ష మాత్రం వాయిదా వేయవద్దు. మీరు శ్రద్ధగా పోగేసిన పెట్టెలు, సిగార్‌కి చుట్టి ఉండే కాగితపు బ్యాండ్లు ఉంచుకోండి, వాటి చరిత్ర చదవండి, స్నేహితులతో మాట్లాడుకోండి. కాల్చకండి. ఆదివారం వచ్చేసరికి చెయ్యి పెట్టె వైపు పోతుంటే, చిరాకు, టెన్షన్ పెరుగుతుంటే అది అలవాటు పట్టిందనడానికి గుర్తు. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. పొగాకు మానిపించే ప్రభుత్వ ఉచిత ఫోన్ 1800-11-2356కి కాల్ చేయవచ్చు. నికోటిన్ గమ్ మాత్రం మచ్చ సంగతి తేలేదాకా మీ అంతట మీరు కొనుక్కోకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ మాత్రల చీటీ తీసుకెళ్లండి. ఆమ్లోడిపిన్ లాంటి మందుల వల్ల కొందరికి చిగుళ్లు వాస్తాయి, అది వేరే విషయమని డాక్టర్‌కి తెలియాలి. రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే బయాప్సీకి ముందే చెప్పండి. సొంతంగా ఆపేయకండి.